‘ఈజీ’ గిటార్‌కు మూడు కార్డుల పరీక్ష

వేసవి సెలవులు మొదలయ్యాయంటే చాలు, కొన్ని ఇళ్లలో ఒకటే పాట... ‘నాన్నా, గిటార్ నేర్చుకుంటా!’

పదో తరగతి పరీక్షలు రాసి అప్పుడే ఊపిరి పీల్చుకున్న కూతురు అడిగితే కాదనే తండ్రి ఎవరు? ఆ రాత్రి భోజనాలయ్యాక ఇద్దరూ ఫోన్ ముందేసుకుని కూర్చుంటారు. తెరమీద ఒకదాని తర్వాత ఒకటి గిటార్లు. ‘కొత్తవారికి అతి సులువు’ అంటుంది ఒకటి. ‘లో యాక్షన్, వేళ్లు నొప్పి పుట్టవు’ అంటుంది ఇంకోటి. ‘సూపర్ స్లిమ్ నెక్’ అని మూడోది. సంచి, బెల్టు, పిక్కులు, అదనంగా ఓ తీగల సెట్టు ఉచితం. ‘ఇది తీసుకుందాం నాన్నా, చాలా ఈజీ అంట’ అంటుంది అమ్మాయి. నాలుగైదు వేలకు బేరం కుదురుతుంది.

జూన్‌లో వేళ్ల కొసలు ఎర్రగా కందిపోతాయి. జూలైలో ‘ఇవాళ ట్యూషన్ ఉంది, రేపు చేస్తా’ మొదలవుతుంది. వినాయక చవితి నాటికి గిటార్ బీరువా మీదికి చేరుతుంది. ‘నీకు దేనిమీదా నిలకడ లేదే’ అని అమ్మ కేకలేస్తుంది. ‘నా వేళ్లు దానికి పనికిరావమ్మా’ అని పిల్ల తేల్చేస్తుంది. ఆ మాట ఆ పిల్ల మనసులో చాలా ఏళ్లు ఉండిపోతుంది. ‘నాకు సంగీతం రాదు’ అని పెళ్లయ్యాక కూడా చెప్పుకుంటుంది!

పనికిరానివి వేళ్లా, గిటారా అని మాత్రం ఎవరూ కొలిచి చూడరు. కొలవడానికి పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. మూడు నాలుగు ఏటీఎం కార్డులుంటే చాలు.

ముందు ఆ ‘యాక్షన్’ సంగతి చూద్దాం. గిటార్ మెడ మీద అడ్డంగా లోహపు కడ్డీలుంటాయి కదా, అవి ఫ్రెట్లు. ఆ ఫ్రెట్‌కీ పైన ఉన్న తీగకీ మధ్య ఖాళీనే యాక్షన్ అంటారు. ఖాళీ ఎక్కువుంటే తీగను ఎక్కువ కిందికి నొక్కాలి. వేలికి అంత శ్రమ. ఇనుప తీగల అకూస్టిక్ గిటార్‌కి ఈ ఖాళీని 12వ ఫ్రెట్ దగ్గర కొలుస్తారు. అన్నిటికన్నా లావుగా ఉండే ఆరో తీగ కింద 2.4 నుంచి 2.8 మిల్లీమీటర్లు, సన్నగా ఉండే మొదటి తీగ కింద 1.6 నుంచి 2 మిల్లీమీటర్లు ఉంటే చాలామందికి హాయిగా ఉంటుంది.

ఏటీఎం కార్డు మందం ప్రపంచమంతటా ఒకటే. 0.76 మిల్లీమీటర్లు. (సంగీతంలో రెండు మూడు స్వరాలు కలిపి మోగించేదాన్నీ కార్డ్ అనే అంటారు. ఇక్కడ చెబుతున్నది బ్యాంకు కార్డు సంగతే!) అంకెలు ఉబ్బెత్తుగా లేని కార్డులు తీసుకోండి. గిటార్‌ని ముందు సరిగ్గా ట్యూన్ చేయండి. మూడు కార్డులు దొంతిగా పెట్టి, వాటి మూలను 12వ ఫ్రెట్ మీద నుంచి ఆరో తీగ కిందికి జరపండి. మూడు కార్డులంటే సుమారు 2.3 మిల్లీమీటర్లు. మూడూ దూరి, నాలుగోది పెడితే తీగ పైకి లేస్తోందంటే ఆ గిటార్ దారిలో ఉన్నట్టే. నాలుగూ సునాయాసంగా దూరి, అయిదోదానికి కూడా చోటుందంటే... నిలకడ లేనిది పిల్లకి కాదు. మొదటి తీగ కింద రెండు కార్డులు పట్టి, మూడోది తీగను తాకాలి.

బీరువా మీది గిటార్లకు ఈ పరీక్ష పెడితే చాలా ఇళ్లలో ఫలితం చూసి నోరెళ్లబెట్టాల్సి వస్తుంది. అయిదు కార్డులంటే 3.8 మిల్లీమీటర్లు. ఎప్పటినుంచో వాయిస్తున్నవారు కూడా మొహం చిట్లించే ఎత్తది. ఏడెనిమిది వారాలపాటు పదిహేనేళ్ల పిల్ల దానిమీద కుస్తీ పట్టిందంటే మెచ్చుకోవాలి!

ప్రకటనలో ‘లో యాక్షన్’ అని ఉంటుంది. ఎంత లో? ఆ అంకె మాత్రం ఉండదు. బియ్యం బస్తా మీద కిలోలు రాయకుండా ‘చాలా బియ్యం’ అని రాస్తే కొంటామా?

స్లిమ్ నెక్ కథ

‘సన్నటి నెక్’ అన్నది పూర్తి అబద్ధం కాదు. అమెరికాలో బాబ్ టేలర్ ఇద్దరు మిత్రులతో కలిసి 1974లో మొదలుపెట్టిన టేలర్ గిటార్ల కంపెనీకి తొలినాళ్లలో పేరొచ్చింది అందుకే. అప్పటి అకూస్టిక్ గిటార్ల మెడలు లావుగా ఉండేవి. ఎలక్ట్రిక్ గిటార్‌కి అలవాటుపడిన చేతులకి టేలర్ మెడ ఒదిగినట్టుండేది. చిన్న చేతులున్నవారికి అది నిజంగా మేలే.

కానీ మెడ సన్నమైనంత మాత్రాన తీగ మెత్తబడదు. బొటనవేలుకి సుఖంగా ఉంటుందేమోగానీ, తీగను నొక్కే చూపుడువేలుకి పడే శ్రమలో మార్పేమీ రాదు. పెద్ద చేతులున్నవారికైతే మరీ సన్నటి మెడతో బొటనవేలి మొదలు లాగేస్తుంది కూడా. ఇంకో ఆకర్షణ ‘కటవే’... గిటార్ పొట్టకి ఒక పక్క గంటు పెట్టినట్టుండే ఆకారం. పైఫ్రెట్లకి చెయ్యి అందడానికి అది. కొత్తగా నేర్చుకునేవారు ఏడాదిపాటు మొదటి మూడు నాలుగు ఫ్రెట్లు దాటి వెళ్లరు. కారుకి వెనకాల స్పాయిలర్ పెట్టించినంత ఉపయోగం!

ఇక ‘షార్ట్ స్కేల్, తక్కువ బిగువు’ అనే మాట. ఇందులో లెక్క ఉంది, కాబట్టి లెక్క వేసే చూద్దాం. అదే తీగను అదే శ్రుతికి బిగిస్తే, బిగువు పొడవు వర్గాన్ని బట్టి మారుతుంది. హైస్కూల్ ఫిజిక్సే. మామూలు గిటార్‌లో తీగ మోగే పొడవు 25.5 అంగుళాలు. దాన్ని 24.75 అంగుళాలకు తగ్గిస్తే బిగువు తగ్గేది 6 శాతం. 23.5 అంగుళాల చిన్న గిటార్ అయితే 15 శాతం. ఫర్వాలేదు, చిన్న పిల్లలకి పనికొస్తుంది.

ఇప్పుడు ఇంకో లెక్క. చాలా అకూస్టిక్ గిటార్లకి వేసే ‘12’ సెట్టులో మొదటి తీగ మందం అంగుళంలో వెయ్యింట 12 వంతులు. దాని బదులు ‘10’ సెట్టు వేస్తే? బిగువు మందం వర్గాన్ని బట్టి కూడా మారుతుంది కాబట్టి మొదటి తీగ మీద 30 శాతం తగ్గిపోతుంది. ‘11’ వేసినా 16 శాతం. అంటే కొత్త చిన్న గిటార్ కొంటే వచ్చే సుఖం, కొన్ని వందల రూపాయల తీగల సెట్టుతో వస్తోందన్నమాట. శబ్దం కాస్త పలచబడుతుంది, నిజమే. ఇంట్లో సాధన చేసుకునే పిల్లకి సభా ప్రాంగణం దద్దరిల్లాల్సిన పనేముంది?

పైసా ఖర్చు లేని ఉపాయం ఇంకోటుంది. ఆరు తీగల్నీ అర స్వరం కిందికి ట్యూన్ చేయడం. బిగువు 11 శాతం తగ్గుతుంది. క్లాసులో మిగతావారితో శ్రుతి కలవాలంటే మొదటి ఫ్రెట్ మీద కేపో అనే క్లిప్పు పెట్టుకుంటే సరి. స్వరం మళ్లీ పైకొస్తుంది, తీగ మాత్రం మెత్తగానే ఉంటుంది. ఈ సంగతి చెప్పే ప్రకటన ఎక్కడా కనిపించదు. చెబితే కొత్త గిటార్ ఎవరు కొంటారు మరి!

మొదటి ఫ్రెట్ దగ్గరే తిరకాసు

12వ ఫ్రెట్ దగ్గర అన్నీ సరిగ్గా ఉన్నా, కొన్ని గిటార్లు మొదటి ఫ్రెట్ దగ్గర ఏడిపిస్తాయి. మెడ చివర, తల దగ్గర తీగలు కూర్చునే తెల్లటి పట్టీ ఉంటుంది. పేరు నట్. అందులో తీగకో గాడి. ఫ్యాక్టరీలో గాడిని కాస్త ఎక్కువ లోతుగా కోసేస్తే తీగ ఫ్రెట్‌కి తగిలి జుయ్‌మంటుంది, ఆ గిటార్ వాపసు వస్తుంది. తక్కువ కోస్తే వాయించేవాడి వేళ్లు నొప్పి పుడతాయి, గిటార్ మాత్రం వాపసు రాదు. తక్కువ ధర గిటార్లలో గాడులు రెండో రకంగానే ఎక్కువ ఎందుకుంటాయో వేరే చెప్పాలా!

దీన్ని కనిపెట్టడం తేలిక. తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకుని, మొదటి ఫ్రెట్ పైన ఎంత ఖాళీ ఉందో చూడాలి. వెంట్రుక మందం ఉంటే చాలు. ఏటీఎం కార్డు దూరేంత ఉంటే గాడి కోయించాల్సిందే. గిటార్ నేర్చుకునేవారిని ఏడిపించే ‘ఎఫ్’ కార్డ్ ఉంది చూశారూ... చూపుడువేలిని అడ్డంగా పరిచి మొదటి ఫ్రెట్ మీద తీగలన్నీ నొక్కాలి. నట్ ఎత్తుగా ఉన్న గిటార్ మీద అది గండమే. అదే ఆకారాన్ని అయిదో ఫ్రెట్ దగ్గర పట్టుకుంటే తేలిగ్గా మోగి, మొదటి ఫ్రెట్ దగ్గర మాత్రం ససేమిరా అంటోందంటే ముందుగా అనుమానించాల్సింది నట్‌నే.

ఇదంతా విని ‘అయితే తీగల్ని ఎంత కిందికి దించితే అంత మంచిదా’ అనుకుంటే అదీ పొరపాటే. మరీ దించితే గట్టిగా మీటినప్పుడల్లా ఫ్రెట్లకి కొట్టుకుని చిటపటలాడుతుంది. ఆ మాటకొస్తే తీగలు ఎత్తుగా ఉండటమే కావాల్సిన వాద్యమూ ఉంది. హవాయి పద్ధతిలో తీగను నొక్కరు, పైన ఇనుప కడ్డీ జార్చుతారు. గిటార్‌ని మన రాగాలకు మలిచి మోహన వీణ అని పేరు పెట్టిన పండిత్ విశ్వమోహన్ భట్ వాయించేది అలాగే. రై కూడర్‌తో కలిసి చేసిన ఆల్బమ్‌కి 1994లో ఆయనకు గ్రామీ వచ్చింది. ఆయన చేతిలో వరం అయ్యే ఎత్తు, పదో తరగతి పిల్ల చేతిలో శాపం.

వందేళ్ల నాటి మాట

సంగీతం సులువని అమ్మడం కొత్తేమీ కాదు. 1920ల్లో అమెరికాలో పోస్టు ద్వారా సంగీత పాఠాలు అమ్మే సంస్థ కోసం జాన్ కేపుల్స్ అనే ఆయన ఒక ప్రకటన రాశాడు. విందులో ఒకడు పియానో ముందు కూర్చోబోతే మిత్రులంతా నవ్వుతారు, వాయించడం మొదలెట్టాక నోళ్లు వెళ్లబెడతారు. అతను గురువు లేకుండా, ఇంట్లోనే, తేలిగ్గా నేర్చుకున్నాడట! ప్రకటనలు రాయడం నేర్పేవారు ఇప్పటికీ దాన్నే ఉదాహరణగా చూపిస్తారు. అప్పుడు సులువు పాఠంలో ఉందన్నారు, ఇప్పుడు గిటార్‌లో ఉందంటున్నారు.

మరి అమ్మేవాళ్లకి అసలు సంగతి తెలియదా? భేషుగ్గా తెలుసు. కొత్తగా గిటార్ పట్టినవారిలో 90 శాతం మంది ఏడాదిలోపే వదిలేస్తున్నారని ఫెండర్ కంపెనీ అధిపతిగా ఉన్నప్పుడు యాండీ మూనీయే పలు ఇంటర్వ్యూల్లో చెప్పాడు. అందుకే ఆ కంపెనీ 2017లో ఆన్‌లైన్ పాఠాలు కూడా మొదలుపెట్టింది. ఆ 90 శాతం మందీ వేళ్ల నొప్పితోనే మానేశారని కాదు. చదువులు, బద్ధకం, సరైన గురువు దొరకకపోవడం... కారణాలు బోలెడు. కానీ అయిదు కార్డుల ఎత్తున్న గిటార్‌తో మొదలుపెట్టినవారికి మిగతా కారణాల దాకా వెళ్లే అవకాశమే రాదు.

కంపెనీలన్నీ మోసం చేస్తున్నాయనడం కూడా సరికాదు. కంప్యూటర్ యంత్రాలతో మెడలు చెక్కడం మొదలయ్యాక చవక గిటార్లు పాతికేళ్ల కిందటి వాటికన్నా ఎంతో మెరుగయ్యాయి. చిక్కంతా చివరి అరగంట పనితోనే. గాడులు సరిచేయడం, ఎత్తు దించడం మనిషి కూర్చుని ఒక్కో గిటార్‌కీ చేయాల్సిన పని. నాలుగు వేల గిటార్‌లో మిగిలించుకునే చోటు కూడా అదే.

వీణ ఉన్న ఇళ్లలో ఈ విషయం అర్థం చేసుకోవడం తేలిక. బొబ్బిలి నుంచి వీణ తెచ్చుకున్నవారు దాన్ని కొన్నరోజుతో పని అయిపోయిందనుకోరు. మెట్లు మైనంలో కూర్చుని ఉంటాయి. ఎండలకి మైనం మెత్తబడుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ మెట్లు కదులుతాయి, స్వరం పక్కకు పోతుంది. పనివాణ్ని పిలిచి మళ్లీ మేళం కట్టించాల్సిందే. అమ్మమ్మ వీణకి ఇది చేయించిన ఇంట్లోనే మనవరాలి గిటార్‌ని మాత్రం మిక్సీలా చూస్తారు. అట్టపెట్టె విప్పగానే పనిచేయాలి, లేకపోతే నేర్చుకునేవారిదే లోపం!

గిటార్ కూడా చెక్కేనండీ. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలని తయారీదారులు కోరుకుంటారు. విశాఖ ఉక్కపోతలో చెక్క తేమ పీల్చి పొట్ట ఉబ్బుతుంది, దాంతోపాటు తీగలు పైకి లేస్తాయి. మే నెలలో తెలంగాణ వడగాడ్పులకి చెక్క ఎండి కుంచించుకుపోతుంది. తీగలు కిందికి దిగి జుయ్‌మంటాయి, ఫ్రెట్ల కొసలు పక్కలకి పొడుచుకొచ్చి అరచేతికి గీసుకుంటాయి. ఎండలో ఆపిన కారు డిక్కీలో పెట్టారంటే జిగురు మెత్తబడి బ్రిడ్జి లేచిపోనూవచ్చు. ఫ్యాక్టరీలో ఎంత శ్రద్ధగా సెట్ చేసినా ఓడలో, గోదాములో, కొరియర్ బండిలో ఇన్ని వాతావరణాలు దాటి వచ్చేసరికి అది అలాగే ఉంటుందని హామీ ఇవ్వడం ఎవరితరం? ఈ కదలికల సంగతి పెద్ద కంపెనీలకు తెలియంది కాదు. సులువుకి పేరుబడ్డ ఆ టేలర్ కంపెనీయే, మెడ కోణాన్ని తర్వాత కూడా సరిచేసుకునే వీలున్న కొత్త అమరికను 1999లో తెచ్చింది.

కాబట్టి కొనేటప్పుడు అడగాల్సింది ‘ఇది ఈజీయేనా’ అని కాదు. ‘12వ ఫ్రెట్ దగ్గర ఎన్ని మిల్లీమీటర్లు? సెటప్ చేసి ఇస్తారా?’ అని. దుకాణంలో అమ్మే కుర్రాడు రెండు నిమిషాలు ఝుమ్మని వాయించి చూపిస్తాడు. అతని వేళ్లు ఏనాడో కాయలు కాసి ఉంటాయి, దాన్నిబట్టి ఏమీ తెలియదు. వీడియోల్లో వాయించేవారి సంగతీ అంతే. గిటార్‌ని పిల్ల చేతికే ఇవ్వండి. మొదటి ఫ్రెట్ దగ్గర ఒక్కో తీగనూ నొక్కి మోగించమనండి. జేబులో కార్డులు ఎలాగూ ఉంటాయి. ఆన్‌లైన్‌లో కొనక తప్పదంటే వాపసు గడువు ముగిసేలోపే ఈ పరీక్షలన్నీ పూర్తిచేయాలి.

నైలాన్ తీగల గిటార్ వేళ్లకి మెత్తగా ఉంటుందన్నది నిజం. ఇనుప తీగల బిగువులో దాదాపు సగమే. దానికి కార్డుల లెక్క వేరు... లావు తీగ కింద అయిదు, సన్న తీగ కింద నాలుగు దాకా మామూలే. అయితే దాని మెడ వెడల్పు నట్ దగ్గర 52 మిల్లీమీటర్లు, ఇనుప తీగల గిటార్‌కి సాధారణంగా 43. చిన్న చేతులు చాలా సాగాలి. శబ్దం బాగుంటుందని నైలాన్ గిటార్‌కి ఇనుప తీగలు వేయించారో, బ్రిడ్జి ఊడి చేతికొస్తుంది.

అన్నీ సరిగ్గా ఉన్నా మొదటి రెండు మూడు వారాలు వేళ్లు నొప్పి పుడతాయి. చర్మం గట్టిపడే దాకా తప్పదు. రోజుకి గంటసేపు ఒకేసారి కాకుండా పది పదిహేను నిమిషాల చొప్పున రెండు మూడుసార్లు వాయిస్తే మేలు. నెల దాటినా అదే నొప్పి ఉంటే మాత్రం కార్డులు బయటికి తీయాలి.

బీరువా మీది గిటార్‌ని కిందికి దించినవారు దాన్ని పడేసి కొత్తది కొనే ముందు, గిటార్లు బాగుచేసే మనిషి దగ్గరికి ఒకసారి తీసుకెళ్లొచ్చు. సన్న తీగలు, పనివాడి కూలీ అన్నీ కలిపినా కొత్త గిటార్ ధరలో అది చిన్న వంతే. అతను చేసే ముఖ్యమైన పని, బ్రిడ్జి మీద తీగలు ఆనే తెల్లటి పుల్లను... శాడిల్ అంటారు... కింది వైపున అరగదీయడం. 12వ ఫ్రెట్ తీగకి సరిగ్గా సగం దగ్గర ఉంటుంది కాబట్టి, అక్కడ ఒక మిల్లీమీటరు దిగాలంటే శాడిల్‌ని రెండు మిల్లీమీటర్లు అరగదీయాలి. ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా, మధ్యమధ్య పిల్ల చేత వాయించి చూస్తూ చేయమనండి. అరిగిపోయింది మళ్లీ పెరగదు. వీలైతే కొత్త శాడిల్ తీసుకుని దాన్నే అరగదీయించి, పాతదాన్ని గిటార్ సంచి జేబులో దాచిపెట్టుకోవాలి. ఎండాకాలంలో పొట్ట కుంగి తీగలు జుయ్‌మన్నప్పుడు ఆ పొడవాటి పుల్లతోనే మళ్లీ పని పడుతుంది.